ఆకాశం నుంచి తలల లెక్క

ఈద్గాలో పండుగ నమాజు జరిగినా, మైదానంలో రాజకీయ సభ జరిగినా మరునాడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎంతమంది వచ్చారు? నిర్వాహకులు లక్షలంటారు, అధికారులు వేలంటారు. పైనుంచి తీసిన ఫోటో ఈ తగాదాను తీరుస్తుందా? పరిశీలిద్దాం.

1995 అక్టోబరు 16న వాషింగ్టన్‌లో నల్లజాతి పురుషుల 'మిలియన్ మ్యాన్ మార్చ్' జరిగింది. పిలుపునిచ్చినవారు 'నేషన్ ఆఫ్ ఇస్లాం' నాయకుడు లూయీ ఫరాఖాన్. పది లక్షలు దాటారని నిర్వాహకులు చెప్పగా, ప్రభుత్వ పార్కుల శాఖ 4 లక్షలని ప్రకటించింది. కోర్టుకెక్కుతామని ఫరాఖాన్ హెచ్చరించారు.

అప్పుడు బోస్టన్ విశ్వవిద్యాలయంలోని ఫరూఖ్ అల్‌బాజ్ బృందం ఆకాశం నుంచి తీసిన ఫోటోలను పరిశీలించింది. ఆయన ఈజిప్టులో పుట్టిన భూగర్భ శాస్త్రవేత్త. అపోలో వ్యోమగాములకు శిక్షణ ఇచ్చినవారు. ఇలాంటి లెక్కకు మూలసూత్రం సులువే. మైదానాన్ని గళ్లుగా విభజించి, ఎక్కడ జనం ఒత్తుగా ఉన్నారో, ఎక్కడ పలుచగా ఉన్నారో చూసి లెక్కకట్టాలి. పలుచని గుంపులో మనిషికి 10 చదరపు అడుగులు, బాగా కిక్కిరిస్తే రెండున్నర అడుగులు అన్నది పాత కొలత.

ఆ బృందం మొదట 8.7 లక్షలని, మరిన్ని ఫోటోలు అందాక 8.37 లక్షలని తేల్చింది. 20 శాతం అటూఇటూ కావచ్చనీ చెప్పింది. అంటే 6.7 నుంచి 10 లక్షల వరకు ఎంతైనా ఉండవచ్చు. తన లెక్కలోని సందేహాన్ని దాచకపోవడమే ఆ లెక్కకున్న విలువ. అమెరికా కాంగ్రెస్ మాత్రం 1996లో, ఇకపై తలలు లెక్కించడానికి పార్కుల శాఖకు నిధులు లేవంది. వివాదం తెచ్చిన కొలతను సరిచేయడానికి బదులు కొలవడమే మానేశారు!

ఫోటో కూడా ఒక సాక్షే. సాక్షిని ప్రశ్నించాలి. ఏ సమయాన తీశారు? ఉదయం వచ్చి వెళ్లినవారు, చెట్ల నీడన నిలిచినవారు అందులో ఉన్నారా?

నేడు విమానంతో పనిలేదు, డ్రోన్ చాలు. ఇక్కడే కొత్త చిక్కు. లెక్కకు తలలు చాలు, ముఖాలు అక్కరలేదు. కెమెరా కిందికి దిగి ముఖాలను గుర్తుపడితే అది లెక్క కాదు, నిఘా. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సభకో నమాజుకో వచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు.

కనుక అంకె చెప్పేవారు ఫోటోను, సమయాన్ని, తేడాను కూడా చెప్పాలి. ఫోటో తీసేవారు దాన్ని ఎందుకు తీశారో, ఎన్నాళ్లు దాస్తారో చెప్పాలి. మన సభలకు మనమే పెంచి చెప్పుకోవడం కూడా మానాలి. సాక్ష్యాన్ని తగ్గించడం ఎంత తప్పో, పెంచడమూ అంతే తప్పు.