కర్ర చాలు నాయనా!

మగవాళ్ళు కర్ర పట్టుకుంటే ఆట, మనం పట్టుకుంటే వంట. లోకం ఈ పంపకం ఎప్పుడో చేసేసింది. కవ్వం, రోకలి, తెడ్డు, అప్పడాల కర్ర... ఇన్ని కర్రలతో జీవితం గడిపినా, ఫలానా కర్ర మంచిదా కాదా అని మనల్ని సలహా అడిగినవాళ్ళు లేరు. అడక్కపోయినా చెప్పడం నాకలవాటు. నవలలు రాసేదానికి ఆ మాత్రం చొరవ లేకపోతే ఎలా చెప్పండి?

ఇప్పుడు నేను చెప్పబోయే కర్ర వంటింటిది కాదు. పూల్ అనీ స్నూకర్ అనీ ఆటలున్నాయి గదా. పచ్చటి గుడ్డ పరిచిన పెద్ద బల్ల, అంచుల్లో ఆరు చిల్లులు, రంగురంగుల బంతులు. పాత సినిమాల్లో డ్రెస్సింగ్ గౌను తొడుక్కున్న జమీందారుగారు, నౌకరు పక్కన నిలబడి ఉండగా వంగి ఆడుతూండేవారే, ఆ బిలియర్డ్సుకి చుట్టాలన్నమాట ఇవి. తెల్లబంతిని పొడిచే కర్రని క్యూ అంటారు. పూల్ ఆటకైతే అయిదడుగులకి కాస్త తక్కువ పొడుగు, అరకిలోకి కాస్త ఎక్కువ బరువు. చాలావాటికి మధ్యలో మర ఉండి రెండు ముక్కలుగా విడిపోతుంది. చేత్తో పట్టుకునే లావు ముక్క ఒకటి, బంతి వైపు సన్నగా సాగేది ఇంకొకటి. ఈ సన్న ముక్క పేరు షాఫ్ట్.

ఈ షాఫ్టుని తరతరాలుగా మేపుల్ కర్రతో చేస్తూ వచ్చారు. ఇప్పుడేమో కార్బన్ ఫైబర్ అని నల్లటి గొట్టం వచ్చి కూర్చుంది. విమానాలకీ, పందెం కార్లకీ వాడే సరుకు. 2017 ప్రాంతంలో ప్రిడేటర్ అనే అమెరికా కంపెనీ రెవో అన్న పేరుతో దీన్ని బజార్లోకి దింపింది. తక్కిన కంపెనీలూ వెంటబడ్డాయి. పేరున్న రకమైతే ధర 500 డాలర్లు అటూ ఇటూ. మన లెక్కలో 40 వేల పైమాటే. అదీ మొత్తం కర్రకి కాదండోయ్, ముందు సగానికి!

నా వాదం ముందే చెప్పేస్తాను. ఆట నేర్చుకుంటున్న మన పిల్లలకి ఈ నల్లగొట్టం అక్కర్లేదు. కర్ర చాలు. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా నా దగ్గర లెక్కుంది. అది తర్వాత.

"పల్నాడులో మిరపకాయల ధర గురించి మాట్లాడుకోవాలిగానీ ఇదేం గొడవ?" అంటారేమో. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, మా నరసరావుపేట జిల్లా ముఖ్యపట్టణమయింది. ఆఫీసులతోపాటు సరదాలూ వస్తాయి గదా! పైగా ఇది మనకి అంత పరాయి ఆటేమీ కాదు. స్నూకర్ పుట్టింది సీమలో కాదు, 1875లో జబల్పూరు సైనికాధికారుల మెస్సులో. పుట్టించినవాడు నెవిల్ ఛాంబర్లేన్ అనే కుర్ర ఆఫీసరు. తర్వాత ఇంగ్లండుకి ప్రధానమంత్రి అయిన ఛాంబర్లేన్ వేరు. ఆట నిబంధనలు గోడకెక్కింది ఊటీ క్లబ్బులో. ఆ రోజుల్లో ఊటీ, మన పల్నాడూ ఒకే మద్రాసు రాజధాని కింద ఉండేవి. కాబట్టి నాకీ విషయంలో మాట్లాడే హక్కు పుష్కలంగా ఉంది.

ఇక హక్కుతోపాటు అవసరం కూడా వచ్చి పడింది. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఏడాదిగా పూల్ ఆడుతున్నాడు. కార్బన్ షాఫ్టు కావాలని ఇంట్లో సత్యాగ్రహం. వాళ్ళ నాన్న సగం మెత్తబడ్డారు. సిఫార్సుకి నా దగ్గరికొచ్చాడు.

"కర్ర వంగిపోతుందత్తయ్యా. మన రెంటచింతల ఎండలకి ఏ కర్ర నిలబడుతుంది? కార్బన్ అయితే పదేళ్ళయినా గీత గీసినట్టుంటుంది" అన్నాడు.

మాట నిజమే. రాష్ట్రంలో ఎండల రికార్డంటే ముందు గుర్తొచ్చే ఊరు మా రెంటచింతల. కర్ర గాలిలో తేమ పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది, ఆ పీల్చి వదలడంలో ఒక్కోసారి వంగుతుంది. కార్బన్‌కి ఆ బాధ లేదు. కానీ ఏ కర్ర వంగుతుంది? గోడకి జారేసి నెలల తరబడి వదిలేసిన కర్ర, ఎండలో కారులో పెట్టి మరిచిపోయిన కర్ర. ఆడటం అయ్యాక గుడ్డతో తుడిచి, సంచీలో పెట్టి, నీడపట్టున ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది. తడిచెయ్యి తగలకుండా ఆవకాయ జాడీని ఏడాది పొడుగునా కాపాడే ఇంట్లో పుట్టినవాడు ఒక్క కర్రని కాపాడుకోలేడా? అంతమాత్రం ఓపిక లేనివాడు గురి చూసే ఓపిక ఎక్కడ తెచ్చుకుంటాడు?

వాడి రెండో అస్త్రం కాస్త శాస్త్రీయమైనది. తెల్లబంతిని మధ్యలో కాకుండా ఎడంపక్కగా పొడిస్తే, బంతి గురిపెట్టిన గీత మీద పోకుండా రవ్వంత కుడికి తొలుగుతుంది. కుడిపక్క పొడిస్తే ఎడమకి. దీనికి కారణం షాఫ్టు కొసన ఉన్న బరువు. కొస తేలికైన కొద్దీ ఈ తొలగడం తగ్గుతుంది. కార్బన్ బోలు గొట్టం కాబట్టి దాని కొసని తేలిగ్గా చెయ్యడం సులువు. గురి తక్కువ తప్పుతుంది. ఇదీ వాళ్ళ లెక్క.

ఈ లెక్కా తప్పు కాదు. కానీ చెప్పకుండా దాచిపెట్టినవి మూడున్నాయి. ఒకటి, కొసన బరువు తగ్గించడం కార్బన్ ఒక్కదాని సొత్తు కాదు. కొస లోపల తొలిచిన కర్ర షాఫ్టులు 1990ల నుంచీ ఉన్నాయి. రెండు, ఒకే కర్రతో రోజూ ఆడేవాడికి అది ఎంత తొలుగుతుందో చేతికే తెలిసిపోతుంది. మనం కూరలో ఉప్పు తూచి వేస్తున్నామా? చెయ్యి మారితే, ఉప్పు మారితే నాలుగు రోజులు తికమక, ఆ తర్వాత మామూలే. మూడోది అన్నిటికంటే పెద్దది. బంతిని సరిగ్గా మధ్యలో పొడిస్తే ఈ తొలగడమన్నదే ఉండదు! నేర్చుకునేవాడు మొదట నేర్వవలసింది అదే, మధ్యలో తిన్నగా పొడవటం. అది రానివాడికి 40 వేల గొట్టమెందుకు? నడక రాని పిల్లాడికి పరుగుపందెం బూట్లు కొన్నట్టుంటుంది.

ఇంకో రహస్యం చెబుతాను. బంతిని ముట్టుకునేది అసలు కర్రా కాదు, కార్బనూ కాదు. కొసన అతికించిన చిన్న తోలు బిళ్ళ. మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం వాడుకలోకి తెచ్చాడని పేరు. ఆ తోలు వచ్చాకే బంతిని తిప్పే విద్య బాగా పెరిగింది. కార్బన్ గొట్టానికీ ఆట ఆడే కొస మామూలుగా తోలే. చాలావాటికి దాని కింద, రోకలికి పొన్ను ఉన్నట్టే, ఒక చిన్న పట్టీ ఉంటుంది. నున్నగా గట్టిపడిపోయిన తోలు బిళ్ళని మార్చుకుని, ప్రతి దెబ్బకీ ముందు సుద్ద రాసుకుంటే కర్రకి సగం జబ్బులు పోతాయి. ఖర్చు వందల్లో తేలుతుంది. కానీ వందల్లో తేలే మాట వింటే మగపిల్లలకి సరదా ఏముంటుంది?

"ఛాంపియన్లంతా కార్బన్‌తోనే ఆడుతున్నారత్తయ్యా!"

పూల్ ఆటలో చాలామంది ఆడుతున్నారు, కాదనను. కానీ స్నూకర్ సంగతేమిటి? అందులో పేరు మోసినవాళ్ళలో ఎక్కువమంది ఈనాటికీ యాష్ అనే చెట్టు కర్రతోనే ఆడుతున్నారు. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ బిలియర్డ్సు ఛాంపియన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా సరే, ఒంటరిగా ఆడి ప్రపంచ బిరుదు గెలిచిన మొదటి భారతీయుడాయన. అప్పటికి ఈ నల్లగొట్టం ఊసే లేదు. రోజుకి ఎనిమిది గంటలు ఆడి, దేశదేశాలు తిరిగి, ఆటతోనే అన్నం తినేవాళ్ళు కార్బన్ కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. వాళ్ళకి వెంట్రుకవాసి తేడా కూడా అన్నమే. వారానికి రెండు సాయంత్రాలు ఆడేవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

అలాగని నేను కర్రలో ప్రాణం ఉంది, ఆత్మ ఉంది అని పరవశించే జట్టుదాన్ని కూడా కాదు సుమండీ! రోకలిపోటు మీద కవిత్వం చెప్పేవాళ్ళలో ఎందరు రోకలి ఎత్తి రెండు పోట్లు వేశారో నాకు తెలుసు. మిక్సీ వచ్చిన రోజున మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఏడవలేదు. కొత్త సరుకు ఎవరి కష్టాన్నయినా తీరిస్తే దానికి దణ్ణం పెడతాను. ఈ ఆటలోనే ఉంది దానికి నిదర్శనం. ఒకప్పుడు బిలియర్డ్సు బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. ఒక్కో దంతానికి నాలుగైదు బంతుల కంటే మంచివి వచ్చేవి కావు. 1860లలో అమెరికాలో, దంతానికి బదులు వేరే సరుకు కనిపెట్టినవాళ్ళకి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. ఆ ప్రయత్నాల్లోనే హయత్ అనే ఆయన 1870 ప్రాంతంలో సెల్యులాయిడ్ తయారుచేశాడు. మన అమ్మమ్మలు దువ్వుకున్న దువ్వెనలూ, మనం చూసి ఏడ్చిన సినిమాల ఫిల్ములూ దాని చలవే. అక్కడ కొత్త సరుకు ఏనుగుల ప్రాణం మీద ఆధారపడకుండా ఆటని నిలబెట్టింది. ఈ నల్లగొట్టం ఎవర్ని కాపాడుతోంది? చెట్టునంటారా? ఇది పెట్రోలియం సరుకుని వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చి చేసేది. కర్రకి గీత పడితే ఉప్పుకాగితంతో నునుపు చేసుకోవచ్చు. దీన్ని గీకితే వచ్చే పొడి పీల్చకూడదు. పగిలిందా, చెత్తబుట్టే గతి.

ఇప్పుడు డబ్బు లెక్కకొద్దాం. ఏడెనిమిది వేలు పెడితే నేర్చుకునేవాడికి సరిపడే మంచి మేపుల్ క్యూ మొత్తం, ముందూ వెనకా కలిపి వస్తుంది. 40 వేలల్లో ఎనిమిది తీసేస్తే మిగిలేది 32 వేలు. బల్ల అద్దె గంటకి 200 రూపాయలు వేసుకున్నా 160 గంటల ఆట! ఏ షాఫ్టూ నేర్పనిది ఆ 160 గంటలు నేర్పుతాయి.

అయితే ఆ గంటలన్నీ వాడికే కాదు. అసలు గొడవ ఇక్కడుంది.

మేనల్లుడికి ఒక చెల్లెలుంది. ఇంటరు చదువుతోంది. ఊరికి దూరంగా ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, దిగిన హోటల్లో బల్ల కనబడితే అన్నయ్యతో కలిసి ఆడింది. చెయ్యి నిలకడ ఆ పిల్లదే బాగుందని వాడే ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చాక "నేనూ వెళ్ళనా?" అంది. "ఆ గదిలో అంతా మగపిల్లలే ఉంటారే, తల్లీ" అన్నారు వాళ్ళ బామ్మ. అంతే, మాట ముగిసింది. అన్నయ్య షాఫ్టు కోసం నెలరోజులు సభలు జరిగిన ఇంట్లో, ఈ పిల్ల అడిగినదానికి ఒక్క నిమిషం పట్టింది.

బామ్మగారిని నేను తప్పుపట్టను. మన ఊళ్ళలో నేను చూసిన ఆ గదులు మేడమీద, నల్లకాగితం అంటించిన అద్దాల వెనక, సిగరెట్టు పొగలో ఉన్నాయి. పంపమంటే ఏ తల్లికైనా గుండె జంకుతుంది. కానీ ఆ గది అలా ఉండాలని ఏ శాస్త్రంలో రాసుంది? 2017లో సింగపూరులో జరిగిన ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్లో మన విద్యా పిళ్ళై ఆరు ఫ్రేములకి అయిదు గెలిచి, ఒక్క ఫ్రేము తేడాతో బిరుదు చేజార్చుకుంది. ఆమె కూడా ఎక్కడో ఒక గదిలోకి మొదటిసారి అడుగుపెట్టిన అమ్మాయే గదా!

పల్నాటివాళ్ళకి పందెం కొత్త కాదు. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని ఒడ్డుకున్న గడ్డ ఇది. ఆ పందెంలో గురజాల పక్షాన నిలబడి నెగ్గింది నాయకురాలు నాగమ్మ. ఎత్తు వేసింది ఆడది కాబట్టి అది మాయ అయింది. అదే ఎత్తు మగవాడు వేసి ఉంటే రాజనీతి అయ్యేది కాదూ? ఆటలో ఆడదాని చెయ్యి చూస్తే మనకి ఎనిమిది వందల ఏళ్ళనాటి అనుమానం ఇంకా పోలేదని నాకనిపిస్తుంది.

అందుకని అమ్మలూ, అత్తయ్యలూ, వదినలూ! మీ ఇంట్లో ఎవరైనా ఈ నల్లగొట్టం అడిగితే, "కర్ర చాలు నాయనా" అనండి. మిగిలిన 160 గంటల్ని రెండు భాగాలు చెయ్యండి. ఎనభై వాడికి, ఎనభై వాడి చెల్లెలికి. ఆ తర్వాత మీలో నలుగురు కలిసి వెళ్ళి ఆ గది యజమానితో మాట్లాడండి. అద్దాల మీది నల్లకాగితం తీసెయ్యమనండి. పొగతాగడం మానిపించమనండి. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆడపిల్లలకి కేటాయించమనండి. మధ్యాహ్నం పూట ఎలాగూ బల్లలు ఖాళీగానే ఉంటాయి, బేరం కుదరకపోదు.

ఆయన కాదంటే, ఇంకో గది చూద్దాం. నలభై వేల గొట్టానికి సిద్ధపడ్డ ఊళ్ళో ఇంకో బల్ల పడటం అంత కష్టమేమీ కాదు.