ప్రేమకథ కింద నలిగిపోయిన పేష్వా

చార్మినార్ కింద నిలబడి ఏ గైడునడిగినా నగరం పుట్టుక అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ, మూసీ అవతలి ఒడ్డున చిచలం అనే పల్లెలో భాగమతి అనే నర్తకిని చూశాడు, మనసు పారేసుకున్నాడు. ఒకనాడు ఏరు పొంగి పొర్లుతుంటే గుర్రంతో సహా దూకేశాడు. కొడుకు ఎక్కడ కొట్టుకుపోతాడోనని హడలిపోయిన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించాడు. ఆనక యువరాజు సుల్తానయ్యాడు, ప్రియురాలి కోసం ఊరు కట్టాడు. కథ కంచికి. గోల్కొండ కోటలో సాయంత్రం పూట ధ్వని-కాంతి ప్రదర్శనలో ఏళ్ళ తరబడి అమితాబ్ బచ్చన్ గొంతులో వినిపించిందీ ఈ వరసే. పర్యాటక కరపత్రాల్లోనూ, వార్షికోత్సవ ప్రసంగాల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ ఇదే పాట. ప్రేమ పునాదుల మీద లేచిన నగరం అనడం మనకెంత అలవాటైపోయిందంటే, అది నిజమా అని అడిగినవాణ్ణి రసహీనుడి కింద జమకడతాం.

ఆ నింద మోయడానికి సిద్ధపడే రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క. పురానాపూల్ పూర్తయింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో, గద్దెనెక్కింది 1580లో. అంటే వంతెన పూర్తయ్యేసరికి కుర్రవాడికి ఇంచుమించు పదమూడేళ్ళు. అంత పెద్ద రాతివంతెన ఏడాదిలో లేవదు గనక పునాదులు తీసేనాటికి ఇంకా చిన్నవాడు. పాలబుగ్గల పిల్లవాడి విరహం చూడలేక తండ్రి ఏటికి అడ్డంగా కమానులు పేర్చాడని నమ్మాలన్నమాట! చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ ఈ లెక్కను దశాబ్దాల కిందటే మన ముందు పెట్టారు. మహమ్మద్ కులీ మీద ఆయన పుస్తకం 1967లో వచ్చింది. చదవాల్సినవాళ్ళు చదివారు, గైడు మాత్రం చదవలేదు. గైడును అనుకుని ఏం లాభం, అతనికి పాఠం రాసిచ్చినవాళ్ళూ చదవలేదు.

మరి వంతెన ఎందుకు కట్టినట్టు? ఇబ్రహీం కుతుబ్ షా అంటే తెలుగువాడికి పరాయివాడేమీ కాదు, మన కవులు ముద్దుగా పిలుచుకున్న మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు కావ్యం అంకితమిచ్చింది ఆయనకే. హుస్సేన్‌సాగర్ తవ్వించింది 1562లో, ఆయన ఏలుబడిలోనే. కొండ మీది కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీటికి కటకటగా ఉంది. ఏటికి దక్షిణాన విశాలమైన మైదానం ఉంది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే సరుకు ఈ ఏరు దాటే వెళ్ళాలి. రేవు నుంచి పైకి వచ్చే సరుకూ అంతే. బండికి దారి కావాలి, సుంకం వసూలుకు గట్టు కావాలి. పురానాపూల్ కట్టించినవి ఇవి. 1908 వరదలో మూసీ సగం పట్నాన్ని ఊడ్చుకుపోయినా, దెబ్బలు తిని కూడా నిలబడిన ఆ వంతెన మీద ఇవాళ కూరగాయల బేరాలు సాగుతున్నాయి. టమాటా బుట్టల మధ్య నుంచి తప్పుకుంటూ నడిచేవాడికి అది ఏ పని కోసం పుట్టిందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఎదుటి పక్షం వాదన కూడా వినాలి, అందులో పస లేకపోలేదు. భాగమతి పేరు ఎవరో నిన్నగాక మొన్న అల్లింది కాదు. అక్బరు దూతగా దక్కనుకు వచ్చిన ఫైజీ ఆ మాట రాశాడు. నిజాముద్దీన్ అహ్మద్ రాశాడు. బీజాపూరు కొలువులో ఉన్న ఫిరిష్తా మరికొంత మసాలా దట్టించి, ఆమె వెంట వెయ్యిమంది రౌతులు నడిచేవారనీ, ఆమె పేర పెట్టిన ఊరి పేరును సుల్తాను తరువాత సిగ్గుపడి హైదరాబాద్‌గా మార్చాడనీ రాశాడు. వీళ్ళంతా మహమ్మద్ కులీ కాలంవాళ్ళే. నగర చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ వంటి పెద్దలు ఈ సాక్ష్యం మీదే భాగమతి వైపు గట్టిగా నిలబడ్డారు.

కాదనను. కానీ ఈ సాక్షులు ఎక్కడ నిలబడి చూస్తున్నారో గమనించండి. ఇద్దరు మొగలు కొలువువాళ్ళు, ఒకరు పక్క రాజ్యం వాడు. గోల్కొండ సుల్తాను వేశ్యాలోలుడని రాయడంలో వాళ్ళకు దక్కే సంతోషం వేరు. అదే గోల్కొండలో సొంత చరిత్ర రాసుకున్నప్పుడు ఆమె ఊసు లేదు. కొత్త నగరం టంకశాలలో 1603 ప్రాంతంలో పడిన నాణెం మీద దారుస్సల్తనత్ హైదరాబాద్ అనే ఉంది. తన ప్రియురాళ్ళ పేర్లు వరసపెట్టి కవిత్వం కట్టిన సుల్తాను పద్యాల్లో భాగమతి అనే పేరు దొరకదు. నర్తకి గనక దాచేశారంటారా? కుతుబ్ షాహీ సమాధుల తోటలో, రాజుల గోరీల సరసనే, మహమ్మద్ కులీ మనవడు అబ్దుల్లా కుతుబ్ షా కాలపు ఆస్థాన నర్తకులు తారామతి, ప్రేమామతిల సమాధులున్నాయి. ఆ వంశం నర్తకిని పూడ్చి దాచే వంశం కాదు. అంత ప్రేమించిన భాగమతికి మాత్రం అక్కడ జానెడు జాగా లేదు.

అయినా భాగమతి ఉండనే ఉందనుకుందాం. సుల్తాను ఆమెను గాఢంగా ప్రేమించాడనీ అనుకుందాం. ఈ నాలుగు రోడ్ల కూడలికి గీత గీసింది ఎవరు? అసలు జగడం ఇక్కడుంది. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేకుండా చేసింది ప్రేమకథ.

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడండి. నలుదిక్కులా నాలుగు కమానులు: మచ్లీ కమాన్, కాలీ కమాన్, చార్మినార్ కమాన్, షేర్ గుల్ కమాన్ అని జనం పిలిచే పడమటి కమాను. రాజప్రాసాదానికి ముందున్న ఈ ఆవరణ మధ్యలో నీటితొట్టి. దక్షిణాన చార్మినార్, దాని నాలుగు తోరణాలు సూటిగా నాలుగు దారుల్లోకి తెరుచుకుంటాయి. పడమరకు పోతే గోల్కొండ, తూర్పుకు పోతే మచిలీపట్నం బాట. ఇది ఒక రాత్రి వచ్చిన పరవశంలో గీసిన గీత కాదు. తాడు పట్టి, దిక్కు చూసి, అంగళ్ళకు ఇంత, రాజుకు ఇంత, నీటికి ఇంత అని పంచిన గీత. హిజ్రీ వెయ్యో ఏడు, అంటే 1591-92లో చార్మినార్ లేచింది. వెనువెంటనే మొహర్రం సంతాపాలకు బాద్షాహీ ఆషుర్‌ఖానా. 1595లో దారుల్‌షిఫా: రోగులకు పడకలు, హకీములు, బాటసారులకు సత్రం. కొత్త రాజధానిలో తొలి నాలుగయిదేళ్ళలోనే రెండంతస్తుల ఆసుపత్రి! ప్రియురాలికి కానుకగా ఆసుపత్రి కట్టే ప్రేమికుణ్ణి నేనెక్కడా వినలేదు.

ఈ కాలమంతా పేష్వా పదవిలో, అంటే సుల్తానుకు ప్రధానమంత్రిగా, ఉన్న మనిషి మీర్ మహమ్మద్ మోమిన్. ఇరాన్‌లోని అస్తరాబాద్ వాడు. షా తహ్మాస్ప్ కొడుకు హైదర్ మీర్జాకు చదువు చెప్పినవాడు. అక్కడ షా పోయి, వారసత్వం గొడవల్లో ఆ శిష్యుడు హతమయ్యాక, దేశం విడిచి 1581 ప్రాంతంలో గోల్కొండ చేరాడు. నాలుగయిదేళ్ళకల్లా పేష్వా అయ్యాడు. మహమ్మద్ కులీ పోయాక అల్లుడు మహమ్మద్ కుతుబ్ షా వచ్చినా పేష్వా మారలేదు. 1625 ప్రాంతంలో తాను కన్నుమూసేదాకా, ఇంచుమించు నలభై ఏళ్ళు రాజ్యభారం మోశాడు. నగర నిర్మాణానికి నమూనా ఆయనదేనని చరిత్రకారులు మొదటి నుంచీ చెబుతున్నారు. సైదాబాద్, మీర్‌పేట ఆయన పేరుతో ముడిపడిన ఊళ్ళే. కవిత్వమూ రాశాడు గానీ, నాకు ఆసక్తి కలిగించేది ఆయన రాసిన ఇంకో పుస్తకం. అది తూనికలు, కొలతల మీద. ప్రధానమంత్రి స్థాయి మనిషి కూర్చుని తూకం రాళ్ళ గురించి గ్రంథం రాశాడంటే, ఆ బుర్ర ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఊరు కట్టడానికి అలాంటి బుర్రే కావాలి.

నగరం మొత్తం ఒక్క మీర్ మోమిన్ తలలోంచి ఊడిపడిందనీ అనను. ఒక ఏకైక నాయకుణ్ణి దించి ఇంకో ఏకైక నాయకుణ్ణి ఎక్కించడం కోసం కాదు ఈ రాత. 1617లో మక్కా మసీదు పని మొదలైనప్పుడు పర్యవేక్షకులుగా ఇద్దరి పేర్లు వినిపిస్తాయి: మీర్ ఫైజుల్లా బేగ్, చౌదరి రంగయ్య. మక్కా మసీదు పనిలో ఒక రంగయ్య చేయి ఉందన్న సంగతి ఎన్ని తెలుగు ఇళ్ళకు తెలుసు? భాగమతి పేరు తెలియని ఇల్లు మాత్రం ఉండదు.

భాగమతిని నిలబెట్టడం స్త్రీకి గౌరవమనే వాదన ఒకటి ఈమధ్య బయల్దేరింది. సరే, స్త్రీ గురించే మాట్లాడుకుందాం. మహమ్మద్ కులీ కూతురు హయత్ బక్షీ బేగం. ఒక సుల్తాను బిడ్డ, ఇంకో సుల్తాను భార్య, మూడో సుల్తానుకు తల్లి. 1626లో కొడుకు అబ్దుల్లా పన్నెండేళ్ళవాడిగా గద్దెనెక్కినప్పుడు వెనక నిలబడి రాజ్యం నడిపింది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, ముసలితనంలో, శత్రువు డేరాకు తానే వెళ్ళి సంధి మాట్లాడింది. కోటి రూపాయల బరువు మీద పడింది, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కి ఇచ్చి పెళ్ళి చేయాల్సి వచ్చింది, రాజ్యం మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. ఆమెకు సమాధి ఉంది, మసీదు ఉంది, ఆమె పేర ఊరు ఉంది. విజయవాడ బస్సెక్కిన ప్రతివాడూ హయత్‌నగర్ అని కేక వింటాడు. ఆ హయత్ ఎవరని ఒక్కడూ అడగడు. ఉందో లేదో తేలని ఆడమనిషి అందానికి కావ్యాలు, ఉన్న ఆడమనిషి తెలివికి బస్‌స్టాపు. ఇదేం గౌరవం?

నగరం పేరు మార్చాలనేవాళ్ళూ, మార్చకూడదనేవాళ్ళూ భాగమతిని చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్న రాజకీయం గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరికీ ఆమె ఒక ఆయుధం. నగరం ఎలా పనిచేసిందో ఇద్దరిలో ఎవరికీ పట్టదు. ఆషుర్‌ఖానాలో నాలుగు శతాబ్దాలుగా మెరుస్తున్న పలకలను పరకాయించి చూస్తే, ఒక ఎత్తు దాకా మాత్రం అతుకు వేసిన రంగు కనిపిస్తుంది. 1908లో మూసీ నీళ్ళు ఎక్కిన గీత అది. పాతబస్తీలో చరిత్ర ఇలా గోడల మీద, చేతికందే ఎత్తులో ఉంది. దాన్ని వదిలేసి మనం గుర్రం దూకిన చోటు వెతుకుతున్నాం.

విచిత్రమేమిటంటే, సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ భాగమతిని నమ్మిన పండితుడు. అయినా ఆయనే మీర్ మోమిన్ జీవితచరిత్రను ఉర్దూలో శ్రమించి రాసి 1941లో అచ్చువేశాడు. ప్రేమకథను నమ్మినవాడు కూడా పేష్వాకు దక్కాల్సింది దక్కించాడు. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్ళం కథను ఉంచుకుని చరిత్రను గిరవాటు పెట్టాం.

అడిగేది పెద్ద కోరికేం కాదు. మీర్ మోమిన్ సమాధి సుల్తాన్‌షాహీ పక్కన, ఆయన పేరుతోనే ఉన్న దాయిరా అనే శ్మశానవాటికలో ఉంది. నిజాముల దివాన్లు సాలార్‌జంగ్‌లూ, మీర్ ఆలం కూడా అక్కడే ఉన్నారు. 1968లో హైదరాబాదులో కన్నుమూసిన హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్‌నూ అక్కడే ఖననం చేశారు. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళే దూరం. పర్యాటక శాఖవారు తమ వారసత్వ నడకను అక్కడిదాకా పొడిగించాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు పెట్టాలి. బడి పుస్తకాలు రాసేవారు భాగమతిని కథగా చెప్పి, పక్కనే పేష్వా పేరు రాయాలి. అవి జరిగేదాకా ఆగకుండా మీరొకసారి వెళ్ళి రండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.