విదేశీ విపణిలో నిలవాలంటే చవక ఒక్కటే చాలదు

చిన్న సంస్థ తయారు చేసిన సరుకు విదేశాల్లో నిలదొక్కుకోవాలంటే ధర తక్కువగా ఉంటే సరిపోతుందా? హైదరాబాదులో పుట్టిన టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్ అనుభవం చాలదనే చెబుతున్నది.

నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తన తల్లి పేరిట ఈ సంస్థను స్థాపించారు. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వ్యాధికి అప్పట్లో టీకా విదేశాల నుంచే రావలసి ఉండేది. మూడు మోతాదులు వేయించడం సామాన్య కుటుంబానికి తలకు మించిన భారం. 1997లో శాంతా సంస్థ టీకాను ఇక్కడే తయారు చేసి విడుదల చేయడంతో ధర బాగా దిగివచ్చింది. ఈ కృషికి తొలి దశలో ఒమన్ దేశం నుంచి పెట్టుబడి అందడం గమనార్హం.

ఇక విదేశాలకు అమ్మడం ఎలా? దేశదేశాన ఆఫీసు తెరిచి, ఏజెంట్లను పెట్టుకునే స్తోమత చిన్న సంస్థకు ఉండదు. అయితే పేద దేశాల పిల్లల కోసం ఐక్యరాజ్య సమితి బాలల సంస్థ యూనిసెఫ్ టీకాలను టోకున కొంటుంది. ఇందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం ముఖ్యం. ఆమోదం ఇచ్చే ముందు నిపుణులు ఫ్యాక్టరీని తనిఖీ చేస్తారు. ఒక విడత సరుకుకు, మరో విడత సరుకుకు తేడా లేదని పరీక్షించి చూస్తారు. శాంతా హెపటైటిస్-బి టీకాకు 2002లో ఈ ఆమోదం లభించింది. ఒక్క ఆమోదంతో అనేక దేశాలకు దారి ఏర్పడింది.

కాగా, వచ్చిన ఆమోదం శాశ్వతం కాదు. ఐదు వ్యాధులకు కలిపి ఒకే సూదిగా వేసే శాంతా టీకాకు 2008లో ఆమోదం వచ్చింది. మరుసటి ఏడాది సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ కంపెనీ చేతికి వెళ్లింది. 2010లో కొన్ని సీసాల లోపలి గోడలకు తెల్లని మడ్డి పట్టినట్లు బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను జాబితా నుంచి తొలగించింది. సుమారు 34 కోట్ల డాలర్ల యూనిసెఫ్ ఆర్డరు చేజారింది. పెద్ద కంపెనీ అండ ఉన్నప్పటికీ తిరిగి ఆమోదం పొందడానికి 2014 వరకు ఆగవలసి వచ్చింది.

మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. బూజు విషం ఉన్న మిర్చి, వేరుశనగ, మందుల అవశేషాలున్న రొయ్యలు ఎంత చవకైనా విదేశీ రేవుల్లో తిరస్కారానికి గురవుతూనే ఉన్నాయి. ఒకరి సరుకు తిరిగివస్తే పక్కవారి సరుకునూ అనుమానంగానే చూస్తారు.

అందువల్ల పరీక్షలకయ్యే ఖర్చును లాభం వచ్చాక చూసుకుందామనుకోవడం పొరపాటు. విత్తనానికి, ఎరువుకు పెట్టినట్లే దానిని మొదటి పెట్టుబడిలోనే లెక్క వేసుకోవాలి. ధర చూసి కొనుగోలుదారు మొదటిసారి వస్తాడు. రెండోసారి రావడం మాత్రం మొదట పంపిన సరుకు మీదనే ఆధారపడి ఉంటుంది.