ఏం చదవాలో ఎవరు చెప్పాలి?

వెబ్‌సైట్లు తయారుచేయడం నా వృత్తి. కోడులో ఒక్క బ్రాకెట్టు మరిచినా కంప్యూటరు ఊరుకోదు. నా చదువు దారితప్పితే మాత్రం అడిగేవాళ్లెవరు?

ఒకప్పుడు నచ్చిన బ్లాగులన్నీ గూగుల్ రీడర్‌లో చేర్చుకుని తీరిగ్గా చదివేవాణ్ణి. 2013 జూలై 1న అది మూతబడింది. ఆ తర్వాత ఫేస్‌బుక్ ఏది చూపిస్తే అదే చదువైపోయింది. మా సీనియరొకాయన మానకుండా బ్లాగు రాస్తూనే ఉన్నారట! రెండేళ్లకుగాని నాకు తెలియలేదు. సిగ్గేసింది.

తప్పంతా యంత్రానిదే అనలేను. నా బద్ధకమూ ఉంది. ఆర్.ఎస్.ఎస్. అనే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. మనం కోరుకున్న రచయిత కొత్తగా ఏది రాసినా, మధ్యలో ఎవరూ ఏరిపారేయకుండా మన జాబితాలోకి వచ్చేస్తుంది. నేను తయారుచేసే ప్రతి సైటులోనూ ఆ ఏర్పాటు పెడుతున్నాను.

మిత్రులారా! మీ జాబితా మీరే రాసుకోండి. పది పేర్లు చాలు.