హోరు ఆపే ఇయర్‌ఫోన్‌.. చెవిని కాపాడుతుందా?

పొద్దున్నే ఉప్పల్‌ చౌరస్తాలో స్కైవాక్‌ ఎక్కి, మెట్రోలో ఇంత చోటు దొరికించుకుని నిలబడగానే మీరు చేసే మొదటి పని ఏమిటి? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవటం. రెండోది? వాల్యూమ్‌ పెంచటం. చిక్కంతా ఈ రెండో దాంతోనే. రాత్రి ఇంట్లో సగం వాల్యూమ్‌లో హాయిగా వినిపించిన పాట రైల్లో వినపడదు. బయటి హోరును మించి మోగితే తప్ప తృప్తి ఉండదు. మనకు తెలియకుండానే వేలు బటన్‌ మీదికి పోతుంది.

అందుకే బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోన్‌ కొనుక్కోవాలనుకోవటం విలాసమేమీ కాదు. హోరు తగ్గితే వాల్యూమ్‌ తగ్గించొచ్చు. చెవికి దక్కే అసలు మేలు ఇదే. అయితే రైల్లో మేలు చేసేదే రోడ్డు మీద ముప్పు తెచ్చిపెట్టొచ్చు. ఫ్యాక్టరీలోనైతే అసలు అక్కరకే రాకపోవచ్చు. కొనేముందు ఈ తేడా తెలుసుకోవటం ముఖ్యం.

రెండు గంటల లెక్క

కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్‌ జనరల్‌ 2025 ఫిబ్రవరిలో దీనిపై రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇయర్‌ఫోన్లను అవసరమైతేనే వాడాలని, శబ్దం 50 డెసిబెళ్లు మించొద్దని, రోజుకు 2 గంటలు దాటొద్దని, మధ్యమధ్యలో చెవికి విశ్రాంతి ఇవ్వాలని సూచించింది. మంచి మాటే. కానీ దీన్ని మన దారిలో పెట్టి చూడండి. ఉప్పల్‌ నుంచి రాయదుర్గానికి మెట్రోలో గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. రానూపోనూ 2 గంటలు. ఆఫీసు కాల్స్‌, రాత్రి చూసే సిరీస్‌లు లెక్కలోకి రాకముందే కోటా అయిపోయినట్టే.

మరి 50 డెసిబెళ్లో? అది మెల్లగా మాట్లాడుకునే మాటల స్థాయి. మన దేశ శబ్ద కాలుష్య నిబంధనలు (2000) పగటిపూట నివాస ప్రాంతాల్లో 55, వాణిజ్య ప్రాంతాల్లో 65, పారిశ్రామిక ప్రాంతాల్లో 75 డెసిబెళ్ల వరకూ అనుమతిస్తాయి. అంటే నాచారం పారిశ్రామికవాడలో నిబంధన ప్రకారమే బయటి శబ్దం ఇయర్‌ఫోన్‌ పరిమితి కన్నా 25 డెసిబెళ్లు ఎక్కువగా ఉండొచ్చన్నమాట. చెవి మూత గట్టిగా లేకుండా అక్కడ 50కి కట్టుబడటం కుదిరే పని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇంకాస్త ఆచరణకు దగ్గరగా ఉంటుంది. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెళ్ల శబ్దాన్ని 40 గంటల వరకూ వినొచ్చు. పిల్లలకైతే 75 డెసిబెళ్లే. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. వారానికి 5 రోజులు, రోజుకు 2 గంటల ప్రయాణం అంటే సరిగ్గా 10 గంటలు. మెట్రోలో 86 దగ్గర వింటే వారం మొత్తానికి చెవి భరించగలిగింది ప్రయాణంలోనే ఖర్చయిపోతుంది. అదే 80కి తగ్గిస్తే అందులో పావు వంతే ఖర్చవుతుంది. మంచి ఇయర్‌ఫోన్‌తో సాధించాల్సింది ఈ 6 డెసిబెళ్ల తగ్గింపే.

ముందు మూత చూడండి

శబ్దాన్ని ఆపటంలో తొలి పాత్ర ఎలక్ట్రానిక్స్‌ది కాదు, చివరన ఉండే మెత్తటి రబ్బరు బుడిపెది. చెవి రంధ్రాన్ని చుట్టూ సందు లేకుండా మూస్తే మాటలు, హారన్ల వంటి కీచు శబ్దాలు చాలావరకూ బయటే ఆగిపోతాయి. చెవి అంచున వేలాడే రకానికి ఈ బలం ఉండదు. పెట్టెలో సాధారణంగా మూడు సైజుల బుడిపెలు ఇస్తారు. మూడూ పెట్టి చూడండి. కుడి, ఎడమ చెవులకు వేర్వేరు సైజులు నప్పటం మామూలే. సరిగా అమరిందో లేదో తెలియటానికి చిన్న గుర్తుంది. పెట్టుకుని మాట్లాడితే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపించాలి. పాటలో డప్పు, బేస్‌ పలచగా వినిపిస్తున్నాయంటే సందు ఉన్నట్టే. సిలికాన్‌ జారిపోతుంటే ఫోమ్‌ రకం ప్రయత్నించొచ్చు. కాకపోతే ఇది తొందరగా పాడవుతుంది. వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్‌ అయినా మూత బాగుంటే చాలావరకూ పని జరుగుతుంది.

పెట్టె మీది అక్షరాలు

దుకాణంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఏఎన్‌సీ, ఈఎన్‌సీ ఒకటి కాదు. ఏఎన్‌సీలో బుల్లి మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. దానికి సరిగ్గా వ్యతిరేక తరంగాన్ని పుట్టించి, చెవిలో రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చేస్తుంది. ఈఎన్‌సీ మాత్రం కాల్‌ మాట్లాడేటప్పుడు అవతలివారికి మీ గొంతు శుభ్రంగా వినిపించటానికే. మీకు వినిపించే హోరును ఇది ఏమాత్రం తగ్గించదు. తక్కువ ధరలో ‘నాయిస్‌ క్యాన్సలేషన్‌’ అని కనిపిస్తే అది ఈ రెండింట్లో ఏదో అడగండి.

ఏఎన్‌సీకీ హద్దులున్నాయి. రైలు హోరు, ఏసీ రొద, బస్సు ఇంజిన్‌ గురక వంటి ఒకేలా సాగే లోతైన శబ్దాలను బాగా అణచేస్తుంది. ఉన్నట్టుండి మోగే హారన్‌నో, పక్కవారి మాటలనో అంతగా ఆపలేదు. పెట్టె మీద వేసే పెద్ద డెసిబెల్‌ అంకె కూడా సాధారణంగా బాగా తగ్గిన ఒక స్థాయి శబ్దానిదే గానీ అన్ని శబ్దాలదీ కాదు.

రోడ్డెక్కితే తీసేయండి

ఉప్పల్‌-నారపల్లి ఎలివేటెడ్‌ కారిడార్‌ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఇలాంటి దారిలో బండి నడిపేవారికైనా, రోడ్డు దాటేవారికైనా వెనకాల వచ్చే లారీ ముందు తెలిసేది చెవితోనే. బండి మీద రెండు చెవులే కాదు, ఒక్క చెవిలోనూ వద్దు. మౌలాలి, చర్లపల్లి వైపు పట్టాల దగ్గరైతే ఇంకా ప్రమాదం. బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌ ప్లాట్‌ఫామ్‌ మీద ప్రకటనలు వినటానికి పనికొస్తుంది. రోడ్డు మీద దాన్ని నమ్ముకోవద్దు.

యంత్రాల మధ్య ఇది రక్షణ కాదు

నాచారం, మల్లాపూర్‌ యూనిట్లలో పనిచేసేవారు కొందరు యంత్రాల మోత వినపడకుండా ఇయర్‌ఫోన్లలో పాటలు పెట్టుకుంటుంటారు. ఇది మోత మీద మోత. అక్కడ కావాల్సింది ఇయర్‌ప్లగ్గులు లేదా ఇయర్‌మఫ్‌లు. వీటి మీద శబ్దాన్ని ఎంత తగ్గిస్తాయో చెప్పే ఎన్‌ఆర్‌ఆర్‌ లేదా ఎస్‌ఎన్‌ఆర్‌ అంకె ఉంటుంది. వాటిని యాజమాన్యాన్ని అడగటానికి మొహమాటపడొద్దు. పని చోట శబ్దంతో వచ్చే చెవుడును చట్టం వృత్తి జబ్బుగా గుర్తించింది. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అనుమానం ఉంటే ఆడియోమెట్రీ పరీక్ష గురించి అడగండి.

చెవి చెప్పేది వినండి

లోచెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమ కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. ముందుగా దెబ్బతినేది కీచు శబ్దాలు వినే శక్తి. అందుకే మాటలు వినిపిస్తున్నా స్పష్టంగా అర్థం కావు. ఇయర్‌ఫోన్‌ తీశాక చెవిలో గుయ్‌మంటున్నా, దూది పెట్టినట్టున్నా, ‘ఏంటీ?’ అని పదేపదే అడుగుతున్నా చెవి డాక్టరును కలవండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే గుబిలి అనుకుని ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి. చెవిలో చీము కారుతున్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు రంధ్రాన్ని మూసే రకాలు పెట్టుకోవద్దు. బుడిపెలను తరచూ తుడవండి. ఒకరివి మరొకరు వాడొద్దు.

ఒక్కమాట. మూత ఎంత బాగున్నా వాల్యూమ్‌ తగ్గించకపోతే పెట్టిన డబ్బు పాటకే గానీ చెవికి కాదు. రేపు మెట్రో ఎక్కగానే సరైన బుడిపె పెట్టుకుని, రోజూ ఉంచే స్థాయి కన్నా రెండు గీతలు తగ్గించి చూడండి. పాట హాయిగా వినిపిస్తుంటే మీరు ఎంచుకున్నది సరైనదే. పెంచక తప్పటం లేదంటే మార్చాల్సింది వాల్యూమ్‌ కాదు, ముందు బుడిపె. ఆ తర్వాత ఇయర్‌ఫోన్‌.