లారీ వెళ్లాక తెరిచే హాస్టళ్లు

దీపావళి టపాసుల చప్పుడు ఆగీ ఆగకముందే కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం మండలాల్లో లారీలు ఊళ్లలోకి వస్తాయి. తట్టాబుట్టా, సట్లు, దుప్పట్లు, జొన్నపిండి మూటలు, వాటి మీద పిల్లలు. నాలుగు రోజుల్లో వీధులకు వీధులే తాళాలు. మంచం పట్టిన ముసలివాళ్లు, కాపలాకి కుక్కలు మిగులుతాయి. ఎవరిని అడిగినా ఒకటే మాట: సుగ్గికి పోయినారు సార్. అంటే కూలికి వలస: గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడాలకు. మళ్లీ కనిపించేది ఉగాది దాటాకే.

ఇది చెప్పాపెట్టకుండా వచ్చే తుఫాను కాదు. ఏ ఊరినుంచి ఏ మేస్త్రి ఎంతమందిని ఎప్పుడు ఎక్కించుకుపోతాడో టీ కొట్టులో కూర్చున్నవాడు చెబుతాడు. అడ్వాన్సులు ఎప్పుడు ముట్టాయో కూడా చెబుతాడు. తెలియనిదల్లా ప్రభుత్వానికే. ఏటా నవంబరులో మన యంత్రాంగం కొత్తగా ఆశ్చర్యపోతుంది, ఓ సమీక్షా సమావేశం పెడుతుంది, వలసలు నివారించాలని ఆదేశిస్తుంది. ఆదేశిస్తే ఆకలి ఆగుతుందా?

సీజనల్ హాస్టల్ అని ఒక ఏర్పాటు ఉంది. అమ్మానాన్నలు సుగ్గికి పోతే పిల్లలు ఊళ్లోనే, తమ బడిలోనే మూడు పూటలా తిని, అక్కడే పడుకుని చదువుకునే వీలు. ఆలోచన బంగారం. సర్వశిక్ష అభియాన్ కాలంనుంచీ నడుస్తున్నదే, ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కానీ దానికి అనుమతి రావాలి, బడ్జెట్ రావాలి, నడిపేవారిని ఎంపిక చేయాలి, పిల్లల జాబితా పైకి పోయి కిందికి రావాలి. ఆ ఫైలు తిరిగి వచ్చేలోపు పిల్లవాడు మిరప చేను గట్టున తమ్ముణ్ణి ఆడిస్తుంటాడు. లారీ వెళ్లిపోయాక హాస్టల్ తెరిచి, పిల్లలు చేరడం లేదని నివేదిక రాసే ఘనత మనది. ఇక బిల్లుల సంగతి. నెలల తరబడి డబ్బు రాకపోతే అప్పు తెచ్చి ఎంతకాలం వండిపెడతారు? కన్నకూతుర్ని రాత్రిపూట బడిలో వదిలి మూడు వందల కిలోమీటర్లు పోవాలంటే ఏ తల్లికైనా నమ్మకం కావాలి. ఒక ఏడు ఉండి ఒక ఏడు లేని హాస్టల్‌ను ఆమె ఎందుకు నమ్ముతుంది?

పిల్లల్ని వెంట ఎందుకు తీసుకుపోతారని పట్నంలో చదువుకున్నవాళ్లు అడుగుతారు. మిరప కోతల్లో చాలాచోట్ల కిలోకింత అని లెక్క. ఎన్ని చేతులుంటే అంత కూలి. పన్నెండేళ్ల పిల్ల కూడా ఒక చెయ్యే. ఆమె కోయకపోతే చంటిపిల్లను చూసుకుంటుంది, అప్పుడు తల్లి చెయ్యి ఖాళీ అవుతుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు వారిని ఏ పనిలోనూ పెట్టకూడదంటుంది. సొంత కుటుంబానికి, అదీ బడి అయ్యాక, సాయం చేస్తే మినహాయింపు. రైతు చేనులో మిరపకాయలు కోయడం ఆ మినహాయింపు కిందికి రాదు. ఈ సంగతి తెలియని కార్మిక శాఖ అధికారి ఉండడు. కోతల రోజుల్లో గుంటూరు చేల దారి పట్టే అధికారీ కనపడడు.

అన్నిటికన్నా కడుపు మండేది డెబ్బై అయిదు శాతం హాజరు నిబంధన. అమ్మ ఒడి అన్నారు, తల్లికి వందనం అన్నారు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, ఆ నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. విద్యాహక్కు చట్టం ఆరునుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు చెబుతోంది. అందులో పావు వంతు 55 రోజులు. దీపావళికి పోయి ఉగాదికి వచ్చే పిల్లవాడు అంతకు ఎంతో ఎక్కువే పోగొట్టుకుంటాడు. అంటే పేదరికం వల్ల బడి మానకూడదని ఇచ్చే డబ్బు, పేదరికం వల్ల బడి మానిన ఇంటికి రాదు. నెలనెలా జీతం అందుకునే ఇంటి పిల్లాడి హాజరు నిండుతుంది, పథకం హాయిగా నడుస్తుంది. ఈ తల్లికి మాత్రం వందనం లేదు. పైగా సార్ల రికార్డుల్లో ఆ పిల్లవాడు లాంగ్ ఆబ్సెంట్, ఆ తర్వాత డ్రాప్ బాక్స్. అదొక కంప్యూటర్ పెట్టె. ఎక్కడున్నాడో తెలియని పిల్లల్ని అందులో వేస్తారు. తెలియకపోవడమేమిటి? ఏ లారీ ఎక్కాడో ఊరంతా చూసింది కదా!

2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల మధ్య రేషన్ కార్డు ఎక్కడైనా చెల్లేలా చేశారు. దేశంలో ఈ పని మొదలైన తొలి జంటల్లో మనదొకటి. వేలిముద్ర పెడితే బియ్యం వస్తాయి, సంతోషం. బియ్యం మనిషి వెంట నడవగలిగినప్పుడు అంగన్‌వాడీ గుడ్డు ఎందుకు నడవదు? కోసిగిలో పేరున్న గర్భిణికి, మూడేళ్ల బిడ్డకి, పల్నాడు చేను పక్క గుడిసెలో పాలు, గుడ్డు ఎందుకు అందవు? కార్డు ఒకటే, ప్రభుత్వం ఒకటే, భాష ఒకటే. ఒడిశానుంచి ఇటుక బట్టీలకు వచ్చిన పిల్లలకు తెలంగాణలో బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో బడులు నడిపారు. వేరే రాష్ట్రం, వేరే భాష పిల్లల కోసం అది చేతనైంది. మన పిల్లవాడు మన రాష్ట్రంలోనే మరో జిల్లాకు పోతే, ఏ పాఠం దగ్గర ఆపాడో అదే పాఠం అక్కడి బడిలో చెబుతుంటే, ఆ గదిలో ఒక బల్ల వేయడం చేతకాలేదు.

2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి వలస కార్మికుల చట్టాన్ని చూడండి. అది రాష్ట్రం దాటినవారికే వర్తించేది. ఆదోనినుంచి గుంటూరు పోయినవాడు రాష్ట్రం దాటలేదు కనుక ఆ చట్టం లెక్కలో వాడు వలస కూలీయే కాకపోయాడు.

సుగ్గి ఒక్కటే కాదు. అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో సీడ్ పత్తి క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గ విప్పాలి, పొద్దున్నే పుప్పొడి రాయాలి. చిన్న వేళ్లు, వంగే నడుము కావాలి కనుక ఆడపిల్లలే కావాలి. కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలలో ఆడపిల్లల చాకిరీ గురించి ఇరవై ఏళ్ల కిందటే అధ్యయనాలు వచ్చాయి, విదేశీ విత్తన కంపెనీలు సంజాయిషీ ఇచ్చుకున్నాయి. అటు క్రాసింగ్, ఇటు సుగ్గి, మధ్యలో ఎక్కడో బడి. తర్వాత పెళ్లి. ఇరవైనుంచి ఇరవైనాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు మన రాష్ట్రంలో 29.3 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశ సగటు 23.3. ఈ ప్రాంతంలో ఏ అమ్మాయైనా పెళ్లి తప్పించుకుని చదివి మార్కులు తెచ్చుకుంటే పత్రికలన్నీ ఫోటో వేస్తాయి. ఒక పిల్ల చదువుకోవడం వార్త అయిందంటే సిగ్గుపడాల్సింది ఎవరు?

ఇది ఏమీ లేని నేల కాదు. ఆదోని పత్తి మార్కెట్ రాష్ట్రంలోనే పేరుమోసింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం వేల ఇళ్లకు అన్నం పెట్టింది. పక్కనే తుంగభద్ర. అయినా దిగువ కాలువ చివరి చేలకు నీళ్లు చేరవు. వేదవతి, ఆర్డీఎస్ కుడి కాలువ, గుండ్రేవుల ప్రాజెక్టుల పేర్లు ఎన్నికలప్పుడే వినిపిస్తాయి. ఉపాధి హామీ పని ఊపందుకునేది వేసవిలో, మనుషులు ఊరు విడిచేది చలికాలంలో. కూలి డబ్బు పడేది ఎప్పుడో. పథకం పేరు ఏదైనా, రోజులు వందైనా నూటపాతికైనా, నవంబరులో పని, వారానికి కూలి లేకపోతే లారీ ఆగదు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం, కర్నూలు జిల్లాది 60 శాతం. సగటు వెనక దాక్కున్న ఈ పడమటి మండలాల సంగతి వేరే చెప్పాలా.

కాలువలు తవ్వడానికి ఏళ్లు పడతాయి, ఒప్పుకుంటాం. హాస్టల్ బడ్జెట్ జూన్‌లో ఇవ్వడానికి ఏళ్లు పట్టవు. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలకు హాజరు నిబంధన సడలిస్తూ జీవో ఇవ్వడం ఒక పూట పని. కర్నూలు కలెక్టరు గుంటూరు, పల్నాడు కలెక్టర్లకు పిల్లల జాబితా పంపడం ఒక ఉత్తరం పని. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ ఎమ్మెల్యేలు అయిదుగురూ ఒక్క సభలో, ఒక్క రోజు, ఈ ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఏడు సీజనల్ హాస్టళ్లు దసరాకు ముందు తెరుస్తారా, తెరవరా? అవునో కాదో చెప్పమనండి. కాదంటే ఆ మాట కౌతాళం వచ్చి, లారీ ఎక్కుతున్న తల్లుల ముందు చెప్పమనండి.