వాపు తగ్గింది సరే, ఎముక నిలిచిందా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఇప్పుడు కాలం తిరగబడింది. పెరటి మొక్కయితే చాలు, సర్వరోగాలకూ అదే మందు అనేవారే ఎక్కువ. ఉయ్యూరు దగ్గర తోట్లవల్లూరు లంకల్లో పసుపు పండుతుంది. కృష్ణ దాటితే దుగ్గిరాలలో పెద్ద పసుపు మార్కెట్టే ఉంది. కనుక ఈ ప్రాంతం వారికి పసుపు మీద కాస్త ఎక్కువ నమ్మకం ఉండటంలో వింత లేదు. పన్ను ఊడిన చోట ఇంప్లాంటు పెట్టించుకున్న తాతయ్యకు చిగురు వాచిందనుకోండి, "కాస్త పసుపు అద్దు నాన్నా" అనే సలహా ఇంట్లోనే దొరుకుతుంది. ఆ సలహాను నేను కొట్టిపారేయను. కాని దాన్ని నమ్ముకుని ఊరుకుంటే నష్టం తప్పదని మాత్రం అంటాను. ఎందుకో చూడండి.

1952లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్, ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం ఒకటి అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని అంటిపెట్టుకుని పెరిగింది! 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడ ఎముకలో టైటానియం మరలు బిగించి, వాటి మీద పళ్ళు కట్టాడు. ఇంప్లాంటు అంటే అదే.

లోహానికి పిప్పి పట్టదు. ఉయ్యూరు చెరకు ఎంత నమిలినా ఆ పన్ను పుచ్చదు. కాని దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక ప్రాణమున్నవే కదా! సహజమైన పంటి వేరులోకి చిగురు నారలు చొచ్చుకుని, కంచె కట్టినట్టు కాపలా కాస్తాయి. టైటానియం లోకి నారలు చొచ్చుకుపోలేవు, పక్కనే ఆనుకుని ఉంటాయి. అందువల్ల అక్కడ పాచి పేరుకుంటే వాపు త్వరగా ఎముక దాకా దిగుతుంది. చిగురు ఎర్రబడి రక్తం కారే దశలో శుభ్రం చేస్తే బాగుపడుతుంది. ఆ దశ దాటితే, వాపులో పుట్టే రసాయన సంకేతాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఆ కణాలు బయటివి కావు, మన శరీరంలోవే. అలా పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

పసుపులోని పచ్చని పదార్థం కర్క్యుమిన్. ప్రయోగశాలలో కణాల మీద వేస్తే అది ఈ సంకేతాలను తగ్గిస్తుంది. మరి ప్రాణులలో? 2011లో బ్రెజిల్ పరిశోధకులు ఎలుకల చిగుళ్ళలోకి బాక్టీరియా పదార్థాన్ని ఎక్కించి వాపు తెప్పించి, కొన్నిటికి కర్క్యుమిన్ ఇచ్చారు. వాటిలో వాపు చక్కగా తగ్గింది. ఎముక మాత్రం, మందు ఇవ్వని ఎలుకల్లో లాగానే కరిగిపోయింది! ఎముక కూడా నిలిచిందని చూపిన ఎలుక ప్రయోగాలు వేరే ఉన్నాయి. అంటే తీర్పు ఇంకా రాలేదన్నమాట.

నా భయమల్లా ఇక్కడే. మనుషుల మీద పసుపు జెల్లు, పుక్కిలించే ద్రావణం వాడి చూసిన పరీక్షల్లో చాలావరకు కొద్దిమందితో, కొన్ని వారాలపాటు జరిగినవే. కొలిచింది ఎక్కువగా చిగురు వాపునూ రక్తం కారడాన్నీ. ఇంప్లాంటు చుట్టూ ఎముక కరిగేటప్పుడు తరచు నొప్పి కూడా ఉండదు. రక్తం ఆగింది కదా అని తాతయ్య దంతవైద్యుని దగ్గరకు వెళ్ళడం మానేస్తే? లోపల ఏం జరుగుతోందో అద్దంలో కనిపించదు. ఎక్స్‌రే తీయాలి. మర కదిలేనాటికి, దానికి పోసిన డబ్బూ ఎముకా రెండూ పోయి ఉంటాయి.

వంటింటి పసుపు కర్క్యుమిన్ కాదన్న మాట కూడా చెప్పాలి. నూరు గ్రాముల పొడిలో అది సుమారు మూడు గ్రాములే ఉంటుంది. నీటిలో దాదాపు కరగదు, మింగినా రక్తంలోకి చేరేది బహు స్వల్పం. ఇక రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పొడి అయితే, నోట్లో పెట్టుకునేది సీసమే.

పసుపు గాయాలను మాన్పుతుందన్న విషయంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరం చెప్పి 1997లో దాన్ని రద్దు చేయించింది. గర్వించవలసిన విజయమే. అయితే అది రుజువు చేసింది "ఈ సంగతి మాకు ముందే తెలుసు" అన్నంత వరకే. ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, ఏ రోగికి అన్న ప్రశ్నలకు జవాబు పేటెంటు కాగితాల్లో దొరకదు. ఆ జవాబు వెతకడానికి విజయవాడ ప్రభుత్వ దంత కళాశాల వంటి చోట్ల కంటే మంచి స్థలం ఏముంది? ఇప్పుడు వాడుతున్న క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం ఎక్కువకాలం పుక్కిలిస్తే పళ్ళకు మరకలు పడతాయి, రుచి మారుతుంది. మొక్కల నుంచి మంచి మందు వస్తే అందరికీ మేలే. ఇంప్లాంటు చుట్టూ చిగురు వాచినవారిని, వారి అంగీకారంతో, రెండు జట్లు చేయాలి. పాచి శుభ్రం చేయడం ఇద్దరికీ ఒకటే. ఒక జట్టుకు కర్క్యుమిన్ జెల్లు, రెండో జట్టుకు అదే రంగున్న ఉత్త జెల్లు ఇవ్వాలి. కనీసం ఏడాది పోయాక ఎక్స్‌రే తీసి ఎముకను కొలవాలి. కొలిచే వైద్యునికి ఏ ఫిల్ము ఎవరిదో తెలియకూడదు.